వాపసు రోజు

ఊళ్లో అందరికీ ఆయన కర్రల మేస్త్రి. ఆస్పత్రి వెనక సందులో, రేకుల కప్పు కింద ఆయన పనిపాక. పొద్దున్న ఎనిమిదింటికి తలుపులు తీసి, నిన్నటి పొట్టు ఊడ్చి, టీ కాస్త చల్లారాక ఒక్క గుక్కలో తాగి పని మొదలుపెడతాడు. కాలు విరిగినవాళ్లకి, తుంటి జారినవాళ్లకి చంకకర్రలు చెయ్యడం ఆయన వృత్తి. వచ్చినవాణ్ని కూర్చోమనడు. గుమ్మం దగ్గరే నిలబెట్టి, చంక నుంచి మడమదాకా టేపు పట్టి, అందులో రెండు వేళ్ల పొడవు తగ్గించి రాసుకుంటాడు. "బరువు చేతుల మీద పడాలి బాబూ, చంకలో కాదు" అని ప్రతివాడికీ చెప్తాడు, విన్నా వినకపోయినా. కర్ర పైన పెట్టే మెత్తలు ఆయన భార్య కుడుతుంది. పాక వెనకే వాళ్ల ఇల్లు. మధ్యలో పది అడుగుల పెరడు, ఒక బట్టల తీగ.

కర్ర చేతికిచ్చే ముందు ఒక పనుంది. ఇనుప ముద్రలు ఎర్రగా కాల్చి, కర్ర కాడ మీద తేదీ వేస్తాడు. అది వాపసు రోజు. ఆ తేదీకి కర్ర తిరిగి పాకకి రావాలి, గోడకున్న మేకుకి వేలాడాలి. "ఇచ్చిన చేత్తోనే వాపసు రోజు వెయ్యాల్రా. మర్నాడు వేద్దాం అనుకున్నావో, ఇక వెయ్యవు" అని వాళ్ల నాన్న చెప్పేవాడు. ఆయన కూడా కర్రల మేస్త్రే.

జీవితాంతం కర్ర కావలసినవాళ్లు కొందరుంటారు. వాళ్ల కర్రకి తేదీ ఉండదు, అది వాళ్లని వదిలి అంగుళం కదలదు. చిక్కంతా అవసరం తీరినా వదలనివాళ్లతోనే. వాళ్ల కర్ర ఊరుకోదు, తనంతట తను నడవడం మొదలుపెడుతుంది. ఊళ్లో ఇదేమీ వింత కాదు. బజార్లో కర్ర ఒక్కటే టక్కు టక్కుమంటూ పోతుంటే జనం పక్కకి తప్పుకుంటారు. బస్సెక్కితే కండక్టరు టికెట్ అడగడు. అలాగని ఎవర్నీ లేచి సీటివ్వమనీ అనడు.

మేస్త్రి తన జన్మలో తేదీ వెయ్యడం మరిచిపోయింది ఒక్కసారే. డ్రిల్లు మాస్టారి కర్రకి. మాస్టారు హాస్యాలాడే మనిషి. ఆ రోజు పాకలో నవ్వీ నవ్వీ, ముద్రలు కాల్చే సంగతే మరిచి కర్ర ఇచ్చి పంపేశాడు. కాలు రెండు నెలలకి అతుక్కుంది. "ఉండనీ మేస్త్రీ, ధైర్యానికి" అన్నారు మాస్టారు. ధైర్యానికి ఉంచుకున్న కర్ర మూడేళ్లు ఉంది. ఒకరోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి అదొక్కటే బడికి వెళ్లి మైదానంలో నిలబడింది. పిల్లలు అలవాటుగా వరసలు కట్టారు. మాస్టారు ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో ఉండిపోయారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు. మేస్త్రి ఆలస్యంగానైనా తేదీ వేద్దామని ముద్రలు పట్టుకుని పరిగెత్తాడు. ఎంత కాల్చి నొక్కినా చెక్క మీద మచ్చ కూడా పడలేదు. ఆ తప్పు ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది. అందుకే ప్రతి బుధవారం మాస్టారిని చూసి వస్తాడు.

ఇంత తెలిసినవాడు ఏం చేశాడో వినండి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను కుడితిలో పడ్డట్టయింది.

రెండేళ్ల కిందట వాళ్ల నాన్న పోయాడు. ఆ నెలల్లో మేస్త్రికి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు. భార్య పక్కన ఒకసారి ఒళ్లు మాట వినలేదు. యాభై ఒక్కేళ్ల మనిషికి అలాంటిది జరగడం పెద్ద వింతేం కాదు. కానీ రెండోసారి దగ్గరికి వెళ్లింది ఆయన కాదు, ఆయన భయం. మూడోసారి వెళ్లనేలేదు. నెల్లాళ్లు మొహం చాటేసి, చివరికి ఎవరూ లేని వేళ చూసుకుని ఆస్పత్రిలో పెద్ద డాక్టరు దగ్గర కూర్చున్నాడు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించాడు. "రక్తం బాగుంది, గుండె బాగుంది, షుగర్ లేదు. నీకున్నది బెంగ, దాని వెనకే భయం. ఈ మాత్రలు కొన్నాళ్లు వాడు, అవసరమైన రోజునే. గంట ముందు ఒకటి. నమ్మకం తిరిగొచ్చాక మానేద్దాం."

"అలవాటైపోదు కదా అండీ?"

"ఒంటికి అవదు. మానేస్తే వణుకూ చెమటలూ పట్టే మందు కాదిది. మనసుకి మాత్రం అవ్వొచ్చు మేస్త్రీ. అందుకే మూడు నెలలకి రమ్మంటున్నా."

చీటీ చివరి వరసలో 'మూడు నెలల తర్వాత తప్పక రావలెను' అని రాసి ఉంది. మేస్త్రి ఆ వరసని లోపలికి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మాత్ర పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, ఆయన ఆ గెలుపు తనదని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, పాకలో మేకుల డబ్బాలోంచి ఒకటి తీసి మింగేవాడు. మూడింటికి పెరడు దాటి ఇంట్లోకి వెళ్లేవాడు. పొద్దున్న నిద్ర లేచేసరికి మాత్ర లేకుండానే ఒళ్లు మునుపటిలాగే మాట వినేది. ఒంటికి సంగతి తెలుసు, మనిషికే తెలీదు. పొరుగూరికి ఒంటరిగా పనిమీద వెళ్లినా జేబులో ఒక మాత్ర ఉండాల్సిందే. ఎందుకో ఆయనా చెప్పలేడు.

మూడు నెలలు గడిచాయి. ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, బస్టాండు ఎదురుగా చీటీ అడగని మందులషాపుకి వెళ్లాడు. మర్నాడు పొద్దున్న పాక తలుపు తీస్తే, లోపల ఒక కర్ర గోడకి ఆని నిలబడి ఉంది. ఆయన చేసింది కాదు. ఎక్కడా మేకు లేదు, అతుకు లేదు, పైన మెత్త లేదు. చంకకింద పెట్టి చూసుకున్నాడు. రెండు వేళ్ల తగ్గింపుతో సహా ఆయన కొలతే. నిద్రలో ఎవరో టేపు పట్టి కొలిచారా అనిపించింది.

ఆ రోజు నుంచి అది ఆయన వెనక నడిచింది. టక్. టక్. సందులో జనం చూశారు, తప్పుకున్నారు. కర్రల మేస్త్రి వెనక కర్ర ఉంటే ఎవరు అడుగుతారు? ఆయనా మేకపోతు గాంభీర్యంతో తిరిగాడు. ఒక మాత్ర చాలదేమోనని రెండు మొదలుపెట్టాడు. మొహం ఎర్రబడేది, కణతలు పగిలిపోయేవి. ఆదివారం సాయంత్రమంతా తలకి గుడ్డ కట్టుకుని పడుకునేవాడు.

ఆయన భార్య మాటకారి. కానీ ఈ విషయంలో ఆమెకి మాట రాలేదు. మూడు కొట్టగానే వచ్చి, పని ముగించినట్టు లేచిపోయే మనిషిని ఏమని అడుగుతుంది? మొదట్లో మొహం చూసేది. ఆయన చూపు తన మీద ఉండేది కాదు, దేనికోసమో చెవులు రిక్కించి వింటున్నట్టుండేది. తర్వాత్తర్వాత ఆమె గోడవైపు తిరిగి పడుకుని, "వచ్చారా?" అని మాత్రం అడిగేది.

ఒకరోజు మెత్తకి దూది కూరుతూ అంది, "అక్క రమ్మంటోంది. కుట్టుపని బాగా ఉందిట. వచ్చే సోమవారం వెళ్తాను."

మేస్త్రి చేతిలో చిత్రిక ఆగింది. "మళ్లీ ఎప్పుడొస్తావు?"

"తేదీలు వేసే పని మీది. నాకేం తెలుసు?"

ఆ బుధవారం మేస్త్రి మాస్టారి దగ్గరికి వెళ్లాడు. గుమ్మం దాటుతుండగానే మాస్టారు చెవి తిప్పారు.

"నీతో వచ్చింది ఎవరిది మేస్త్రీ?"

"నాదే మాస్టారూ."

"నీ కాళ్లకేం, గుర్రంలా ఉన్నాయి కదా!"

"కాళ్లకి కాదండీ." మేస్త్రి నేల చూశాడు. డాక్టరుకి కూడా పూర్తిగా చెప్పని సంగతంతా ఆ కుర్చీ ముందు కూర్చుని చెప్పేశాడు. అన్నింటికీ నవ్వే మాస్టారు నవ్వలేదు.

"నాది మొదట నా వెనక నడిచింది," అన్నారు మాస్టారు మెల్లగా. "తర్వాత పక్కన నడిచింది. తోడు బాగుందనుకున్నాను. నాకంటే ముందు నడిచిన రోజు, కుర్చీలోంచి లేవబోతే కాళ్లు లేవు. ఉన్నాయి, నావి కావు. నీది ఎక్కడ నడుస్తోంది?"

మేస్త్రి పక్కకి చూశాడు. కర్ర ఆయన భుజానికి భుజంగా నిలబడి ఉంది.

ఆదివారం వచ్చింది. లోపల మంచం కింద భార్య సంచీ సర్దిపెట్టి ఉంది. రెండింటికి మేస్త్రి మేకుల డబ్బా తెరిచి రెండు మాత్రలు అరచేతిలో వేసుకున్నాడు. వేసుకున్నాడే గానీ నోట్లోకి పోలేదు. రేపు ఆమె వెళ్లిపోతుంది. ఇవాళ ఇది మింగితే, ఆమె వీడ్కోలు తీసుకునేది ఎవరి దగ్గర? స్టూలు మీద అలాగే కూర్చున్నాడు. రెండున్నర అయింది. మూడు అయింది.

టక్.

చప్పుడు పక్కనుంచి రాలేదు. పెరట్లోంచి వచ్చింది. టక్, టక్, బట్టల తీగ దాటింది. ఇంటి తలుపు కిర్రుమంది. లోపల్నుంచి భార్య గొంతు వినపడింది.

"వచ్చారా?"

మేస్త్రి లేవబోయాడు. కాళ్లు రాలేదు. అంత భయం ఆయన జన్మలో ఎరగడు. తండ్రి పోయినప్పుడు ఏడవని మనిషి ఆ స్టూలు మీద నోరు తెరిచి ఏడ్చాడు. మాత్రలు గుప్పిట్లోనే బిగించి, రెండో చేత్తో పనిబల్ల అంచు పట్టుకుని ఒళ్లంతా పైకి లాగాడు. ఒక అడుగు వేశాడు. పడ్డాడు, లేచాడు. బట్టల తీగ పట్టుకుని, ఆరేసిన దుప్పటిని కిందికి లాగేస్తూ పది అడుగుల పెరడు దాటాడు. రెండు వేల ఆదివారాల దూరంలా ఉంది ఆ పెరడు.

గదిలో భార్య గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని ఉంది. కర్ర ఆయన చోట, ఆయన దిండు మీద పడుకుని ఉంది. ఆమె చెయ్యి వెనక్కి చాచి దాని మీద వేసింది.

"ఎందుకిలా చల్లగా ఉన్నారు?" అంది కళ్లు తెరవకుండానే.

"అది నేను కాదే," అన్నాడు మేస్త్రి గుమ్మం పట్టుకుని. "నేనిక్కడున్నాను."

ఆమె తిరిగి చూసింది. కర్రని చూసింది, ఆయన్ని చూసింది. కెవ్వుమనలేదు. ఆ ఊళ్లో కర్రని చూసి ఎవరూ కెవ్వుమనరు. చెయ్యి మాత్రం చటుక్కున తీసేసుకుని చీరకి తుడుచుకుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"నాన్న పోయినప్పట్నుంచి." గుప్పిలి విప్పాడు. చెమటకి మాత్రలు కరిగి అరచేతిలో రంగు అంటుకుంది.

ఆమె ఆ చేతిని చూసింది. "నాకు ముందు ఆ టక్కు టక్కే వినపడేది. తర్వాతే మీరు కనపడేవారు. నామీద ఇష్టం చచ్చిపోయి, పాపం మొగుడుగా బాధ్యతకి వస్తున్నారనుకున్నాను."

"ఇష్టం చచ్చిపోతే భయమెందుకుంటుందే?"

ఆమె లేచి, కర్రని నడుం దగ్గర పట్టుకుని, ఈడ్చుకుంటూ పాకలోకి నడిచింది. మేస్త్రి గోడలు పట్టుకుంటూ వెనక వెళ్లాడు. ఆమే పొయ్యి రాజేసింది, ముద్రలు నిప్పుల్లో పెట్టింది.

"మాస్టారి కర్రకి పట్టలేదు," అన్నాడు మేస్త్రి.

"ఏ తేదీ వెయ్యాలి?"

"వచ్చే నెల..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి, "ఇవాల్టిది," అన్నాడు.

ఆమె కర్రని బల్ల మీద రెండు చేతులతో అదిమిపట్టింది. మేస్త్రి ఎర్రటి ముద్ర నొక్కాడు. ఏమీ కాలేదు. చెక్క రాయిలా ఉంది. మళ్లీ కాల్చి నొక్కాడు, లాభం లేదు. మూడోసారి ఇక దేన్నీ పట్టుకోలేదు. రెండు కాళ్లూ నేల మీద ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. కాలిన వాసన సన్నగా లేచింది. పొగ వచ్చింది. తేదీ పడింది. చివరి అంకె మాత్రం సగమే పడింది.

మేకుకి వేలాడదీసి ఇద్దరూ ఇంట్లోకి వెళ్లారు. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందంటారా, ఏమీ జరగలేదు. ఆమె ఆయన చెయ్యి మీద తల పెట్టుకుంది. "మెత్త కుట్టమంటారా ఈ చేతికి?" అని వేళాకోళం ఆడింది. ఇద్దరూ ఐదింటిదాకా నిద్రపోయారు. సోమవారం బస్సు ఆమె లేకుండానే వెళ్లింది. గురువారం ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లి, మడత విప్పిన చీటీ బల్ల మీద పెట్టారు. ఆలస్యమైనందుకు డాక్టరు చీవాట్లు పెట్టాడు, పెట్టాల్సిందే. నమ్మకం అన్నది నెమ్మదిగా, రెండడుగులు ముందుకీ ఒకడుగు వెనక్కీ వచ్చింది.

మాస్టారి కర్ర ఇప్పటికీ పొద్దున్న ఎనిమిదిన్నరకి సందులోంచి బడికి పోతుంది. మేస్త్రి చిత్రిక ఆపి, అది మలుపు తిరిగేదాకా తల వంచుకుని నిలబడతాడు.

ఆయన కర్ర మేకుకే ఉంది. వారమంతా కదలదు. కానీ సగం అంకె సగం అంకే. ఆదివారం మూడు కాగానే అది గోడని ఒకే ఒక్కసారి తడుతుంది. టక్. ఆ చప్పుడు పెరడు దాటి గదిలోకి వస్తుంది. ఆయన ఒళ్లు ఇప్పటికీ బిగుసుకుంటుంది. అప్పుడు ఆమె, ఆయనవైపు తిరిగి పడుకున్నదల్లా, తల కొంచెం ఎత్తి గుమ్మం వైపు చూస్తుంది.

"ఆయన వచ్చేశారు," అంటుంది.