బేట్‌కు అవతలి ఒడ్డు

దీపావళికి సూరత్‌లో బట్ట నేసే సాంచాలన్నీ ఆగిపోయిన వారంలో నరహరి తన తల్లిదండ్రులను పడవ షికారుకు తీసుకుపోయాడు. తాపీ నది సముద్రంలో కలిసేచోట ఒక లంక ఉంది. అక్కడివాళ్లు దాన్ని బేట్ అంటారు. చుట్టూ మడ అడవి, సముద్రం వైపు ఇసుక దిబ్బలు. చలి మొదలైందంటే ఎక్కడెక్కడి పక్షులో వచ్చి వాలుతాయి. నలభై మంది పట్టే పెద్ద పడవ, ముందు నిలబడి మైకులో చెప్పుకుపోయే గైడు.

గైడు హుషారైనవాడు. రెండు మాటలకొకసారి జనాన్ని నవ్వించాడు. అందరూ నవ్వినప్పుడల్లా నరహరి తండ్రి సదానందం అటూ ఇటూ చూసి, పక్కవాళ్ల నోళ్లు తెరుచుకుని ఉండడం గమనించి, తనూ నవ్వాడు. అందరి నవ్వూ అయిపోయే వేళకు ఆయనది మొదలయ్యేది. ఒకసారి గైడు ఆయన్నే చూసి, కాకా, మీది ఏ ఊరు అని మైకులో అడిగాడు. ఇది కూడా నవ్వే మాటేననుకుని సదానందం పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. పడవంతా గొల్లుమంది. వాళ్లతో పాటు ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆయన భార్య గంగవ్వ నవ్వలేదు. ఒడ్డు చేరేదాకా నీళ్లకేసి చూస్తూ కూచుంది.

సదానందం కోరుట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి సూరత్‌లోని పర్వత్ పాటియాలో ముప్పై నాలుగేళ్లు సాంచాలు నడిపాడు. ఒక్కో షెడ్డులో అరవై డెబ్బై సాంచాలు రాత్రింబవళ్లు కొట్టుకునే చోట చెవులు ఎన్నాళ్లు నిలుస్తాయి? మొదట సన్న చప్పుళ్లు పోయాయి, తర్వాత మాటలు పోయాయి. పూర్తిగా వినపడక ఎనిమిదేళ్లయింది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోలేదు. ఎవరేమన్నా తల ఊపి నవ్వేవాడు. పక్కవాళ్లంతా, సదానందం మంచివాడు, ఎదురు మాట్లాడడు అనుకునేవాళ్లు.

ఇంట్లో మాత్రం ఆ లోటు తెలియదు. సాంచాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరూ పెదవులు చూసి, చేతులతో మాట్లాడుకుంటారు. పోగు తెగితే రెండు వేళ్లు విదిలించడం, సేఠ్ వస్తున్నాడంటే పొట్ట మీద చెయ్యి తిప్పడం. కాపురానికి వచ్చిన కొత్తలో గంగవ్వ అదే షెడ్డులో కండెలు చుట్టింది. ఆ భాష ఆయనే నేర్పాడు. చెవులు పోయాక కూడా ఇద్దరూ అట్లాగే మాట్లాడుకుంటున్నారు. అయితే ఆయన చదవగలిగేది తెలుగు పెదవులనే. కొడుకు నరహరి ఉద్యోగం హజీరాలో, కాపురం ఇచ్ఛాపూర్‌లో. అతను సగం హిందీ కలిపి గబగబా మాట్లాడతాడు. అందుకే తండ్రికి కొడుకు మాటలు కూడా సగమే అందుతాయి.

షికారు నుంచి వచ్చిన నాలుగో రోజున గంగవ్వ కొడుక్కి ఫోన్ చేసి, బాపును మళ్లీ బేట్‌కు తీసుకుపోతున్నానని చెప్పింది. ఈసారి మంది వద్దు, తామిద్దరికే ఒక పడవ కావాలంది.

"చూసిండు గదా అవ్వా, మళ్లెందుకు?" అన్నాడు నరహరి.

"చూసిండు. ఎవ్వలు చెప్పలే," అంది గంగవ్వ.

ఆమె ఒక పని పట్టిందంటే వదలదని నరహరికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

రెండు సిటీ బస్సులు మారి ఆమె అడాజన్‌లో ఉన్న ఆ షికారు ఆఫీసుకు వెళ్లింది. అక్కడి మనిషి, విడి పడవను ఎక్కువగా కొత్త జంటలు, ఫొటోలవాళ్లు తీసుకుంటారనీ, ఒక పూట తిప్పి తెస్తామనీ చెప్పాడు. తెలుగు తెలిసిన గైడు మాత్రం లేడన్నాడు. తెలుగు సంగతి తను చూసుకుంటానని గంగవ్వ కార్ఖానా హిందీలో జవాబిచ్చింది. గైడు పడవలో ఏమేం చెప్తాడో అదంతా ముందుగా తనకు చెప్తే చాలంది. ఆ మనిషి నవ్వాడు. అట్లా ఎక్కడా ఉండదన్నాడు. గంగవ్వ కుర్చీలోంచి లేవలేదు.

పక్క బల్ల దగ్గర కాగితాలు సర్దుకుంటున్న అమ్మాయి తలెత్తి, ముందుగా ఎందుకు మాసీ అని అడిగింది. ఆ అమ్మాయి పేరు హేతల్, హజీరా దగ్గరి జాలరి కుటుంబం పిల్ల, గైడుగా చేరి ఏడాదయింది. గంగవ్వ దాచకుండా చెప్పింది. తన మనిషికి చెవులు లేవు. తన నోరు చూస్తే తప్ప ఆయనకు ఏదీ తెలియదు. తనకే తెలియకపోతే ఆయనకేం చెప్తుంది?

హేతల్ తన ఫోన్ నంబరు రాసిచ్చింది.

ఆ తర్వాత రెండు నెలలు, సోమవారం మధ్యాహ్నాలు ఫోన్‌లో పాఠం నడిచింది. గంగవ్వ ఇంటి దగ్గరే జొన్నరొట్టెలు చేసి, వండుకునే దిక్కులేని కార్మికులకు అమ్ముతుంది. ఫోన్ గోడకు ఆనించి పెట్టి, పిండి తడుతూ వినేది. మరునాడు రొట్టెకొక ముచ్చట చొప్పున మళ్లీ చెప్పుకునేది. మడ చెట్లు ఉప్పునీళ్లు తాగి ఆ ఉప్పును ఆకుల మీదుగా బయటికి తోసేస్తాయి, ఇది ఒక రొట్టె. వాటి వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఊపిరి తీసుకుంటాయి, ఇది ఇంకో రొట్టె. బురద మీద పాకే చేప పేరు లెవటా. గులాబీ కాళ్ల ఫ్లెమింగో తల కిందులు చేసి తింటుంది. ఏదైనా మరిచిపోతే ఆ రొట్టె పక్కన పెట్టి, వచ్చే సోమవారం మళ్లీ అడిగేది.

ఆమె పెదవులు ఊరికే కదలడం సదానందం గమనించాడు. ఏందని అడిగితే చెప్పింది. ఆయన ముఖం చిన్నబోయింది.

"నాకెందుకే గియన్ని? పోయినం, వచ్చినం, అయిపాయె."

"నీకు కాకుంటె నాకు. నువ్వు తోడు రా," అంది గంగవ్వ.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే రేవుకు చేరుకున్నారు. మంచు దట్టంగా పట్టి పడవ ముందు కొస కూడా కనపడడం లేదు. పడవ నడిపే ఠాకోర్‌భాయ్ ముసలివాడు. మంచు విడవనిదే కదలనన్నాడు. గంటన్నర గడిచాక గానీ ఎండ పొడ రాలేదు. నీళ్లు అప్పటికే పాటు పట్టాయి, అంటే సముద్రం వెనక్కి గుంజుకోవడం మొదలైంది. ఠాకోర్‌భాయ్ నీళ్లను చూసి పెదవి విరిచాడు గానీ ఇంజను తిప్పాడు.

చిన్న పడవకు ఇంజను మోత పెద్దది. హేతల్ రెండుసార్లు నోరు తెరిచి, తన మాట తనకే వినపడక ఊరుకుంది. గంగవ్వకు మాత్రం ఆ మోత అడ్డమే కాలేదు. మొగుడికి ఎదురుగా పీట మీద కూచుని, వెలుతురు తన ముఖం మీద పడేలా తిరిగి, మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, చేతులు కదులుతున్నాయి. చెట్టు ఉప్పు తాగడం, ఆకు ఉప్పు కక్కడం, వేరు ముక్కై ఊపిరి పీల్చడం. సదానందం మొదట తల ఊపాడు. తర్వాత తల ఊపడం మానేశాడు. ముందుకు వంగి కూచున్నాడు.

కాసేపటికి ఆయన అడగడం మొదలుపెట్టాడు. ఉప్పు కక్కితే ఆకు ఎండిపోదా? ఈ పిట్ట గుడ్లు ఎక్కడ పెడుతుంది? ఆ ఓడ ఎటు పోతున్నది? రొట్టెల లెక్కలో లేని ప్రశ్నలవి. గంగవ్వ హేతల్ వైపు తిరిగి ఆమె చెవిలో అరిచి అడిగేది, జవాబు విని ఇటు తిరిగి చెప్పేది. గుడ్ల సంగతి హేతల్‌కూ సరిగా తెలియదు. ఇక్కడ పెట్టవనుకుంటా, కనుక్కుని చెప్తానంది. ఆ మాట కూడా గంగవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. ఈ మనిషి ఇన్ని ప్రశ్నలు అడిగి ఎన్నేళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు.

బేట్ సగం చుట్టి, సముద్రం వైపు మలుపు తిరగబోయే చోట పడవ అడుగు ఇసుకను రాసుకుంది. ఠాకోర్‌భాయ్ ఇంజను ఆపి గెడతో లోతు చూశాడు. మోకాలి లోతు కూడా లేదు. ఇక అటు పోలేమన్నాడు గుజరాతీలో. మంచు వల్ల పొద్దెక్కింది, నీళ్లు జారిపోతున్నాయి, ఇప్పుడు తిరిగితేనే రేవు చేరతామన్నాడు. హేతల్ గంగవ్వ ముందుకొచ్చి, సముద్రం ఈసారికి లేదు మాసీ అంది నెమ్మదిగా.

సదానందం ముగ్గురి ముఖాలూ చూస్తున్నాడు. "ఏమంటున్నరు?" అన్నాడు.

అయిపోయింది, ఇంటికి పోదాం అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన నమ్మేవాడు. గంగవ్వ నోటిదాకా ఆ మాట వచ్చింది కూడా. కానీ ఆయనకు ఏదీ దాచకుండా చెప్పడానికే కదా ఇంత దూరం వచ్చింది. అందుకని మొత్తం చెప్పింది. నీళ్లు తగ్గాయి, పడవ పోదు, అసలు సముద్రం ఈ అడవికి అవతల ఉంది.

సదానందం అడవివైపు చూశాడు. "ఎంత దూరం?"

హేతల్ చెప్పింది. పీతల కోసం పోయే జాలరుల కాలిదారి ఒకటుంది, అరగంట నడక, అంతా బురద. వెళ్లి వచ్చేసరికి పడవ బురదలో కూచుంటుంది, సాయంత్రం పోటు వచ్చేదాకా కదలదు.

"కూసుంటె కూసుండనీ. నడుద్దాం," అన్నాడు సదానందం.

ఠాకోర్‌భాయ్ చేతులు అడ్డంగా ఊపాడు. అరవై దాటిన మనిషి, ఆ బురదలో జారితే ఎవరిది పూచీ అన్నాడు. గంగవ్వ అప్పటికే చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుంటోంది. సాయంత్రం దాకా తమతో ఉండడం ఠాకోర్‌భాయ్‌కు కష్టమని తనకు తెలుసుననీ, తెచ్చిన రొట్టెలు నలుగురికీ సరిపోతాయనీ ఆమె హిందీలో చెప్పింది. ముసలివాడు కాసేపు గొణిగి, లంగరు దింపి, చేతికర్రగా గెడ తీసి సదానందానికి ఇచ్చాడు.

హేతల్ ముందు, సదానందం నడుమ, గంగవ్వ వెనక. అడుగు వేస్తే పిక్కల దాకా దిగింది. లాగితే బురద వదల్లేదు. పైకి పొడుచుకొచ్చిన వేళ్లు అరికాళ్లకు గుచ్చుకున్నాయి. సదానందం ఒకసారి మోకాళ్ల మీద పడ్డాడు. గంగవ్వ చెయ్యి అందించబోతే వద్దని తల ఊపి, గెడ పట్టుకుని తనే లేచాడు. ముప్పై నాలుగేళ్లు నిలబడి పనిచేసిన కాళ్లవి. ఆగలేదు. అరగంట దారికి గంట పట్టింది.

అడవి అయిపోయి ఇసుక వచ్చింది. ఇసుక దిబ్బ ఎక్కితే ఎదురుగా సముద్రం. నీలంగా లేదు, పాలు తక్కువైన చాయ రంగులో ఉంది. ఎక్కడా అంచు లేదు. చిన్న అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఇసుక మీద పరుచుకుని పోతున్నాయి. సదానందం నీళ్ల దాకా నడిచి, పాదాలు తడిసేచోట నిలబడ్డాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"చప్పుడు ఎట్లుంటది?"

ఇది హేతల్ చెప్పలేదు. గంగవ్వ ఏ రొట్టెకూ నేర్చుకోలేదు. ఆమె నిలబడి విన్నది.

"నువ్వనుకున్నంత పెద్దగ లేదు. సాంచ అసొంటిది కాదు. సాంచ ఒక్క తీరుగ కొట్టుకుంటది. ఇది ఆగి ఆగి వస్తది. వచ్చేటప్పుడు చాటల బియ్యం చెరిగినట్టు."

"పోయేటప్పుడు?"

"పోయేటప్పుడు తడి చీర నేల మీద గుంజినట్టు."

సదానందం వేలు పెట్టి ఇంకో అలను చూపించాడు. "గిదానిది?"

అది పెద్దది. విరిగి పడింది. "గంప కింద పడేసినట్టు," అంది. తర్వాతిది ఒడ్డు దాకా రాకుండానే కరిగిపోయింది. "అది ఏమనలే," అంది గంగవ్వ. ఆయన ఒక్కో అలనూ చూపిస్తున్నాడు, ఆమె చెబుతోంది. ఆయన కళ్లు అలకూ ఆమె పెదవులకూ మధ్య తిరుగుతున్నాయి. చెప్పడానికి పోలికలు అయిపోతే కొత్తవి వెతుక్కుంది. పదో, పదిహేనో అలలయ్యాక ఆమె గొంతు పట్టేసింది. మాట పలకకపోయినా పెదవులు కదిలితే ఆయనకు చాలు కాబట్టి ఆపలేదు. హేతల్ దూరంగా ఇసుకలో కూచుని వాళ్ల దగ్గరికి రాకుండా ఉండిపోయింది.

తిరిగి వచ్చేసరికి పడవ బురదలో పక్కకు ఒరిగి ఉంది. ఆఫీసు మనిషి ఫోన్ చేసి హేతల్‌ను కోప్పడ్డాడు. పూట అని చెప్పి రోజంతా ఏమిటన్నాడు. గంగవ్వ ఫోన్ తీసుకుని, పిల్ల తప్పేమీ లేదు, మేమే నడిచి పోయామని గట్టిగా చెప్పింది. పోటు వచ్చేదాకా నలుగురూ ఒరిగిన పడవ నీడలో కూచుని జొన్నరొట్టెలూ ఎల్లిపాయ కారమూ తిన్నారు. సదానందం ఠాకోర్‌భాయ్‌కి సేఠ్‌ల కథలు చెప్పాడు, గంగవ్వ హిందీలోకి మార్చింది. హేతల్ చేతి గుర్తులు నేర్చుకుంది. ఠాకోర్‌భాయ్ పొట్ట మీద చెయ్యి తిప్పడం చూసి అందరూ నవ్వారు. నాలుగు దాటాక నీళ్లు వచ్చి పడవను లేపాయి.

మరునాడు సాయంత్రం పర్వత్ పాటియాలో, వాళ్ల గల్లీ మొదట్లో ఉన్న చాయ దుకాణం దగ్గర, కార్ఖానా నుంచి వచ్చినవాళ్లు సదానందం చుట్టూ చేరారు. బ్రహ్మచారి అనే పాత తోటి పనివాడు, నిన్నంతా ఎటు పోయావని పక్క నుంచి అడిగాడు. గంగవ్వ రొట్టెల బుట్ట దింపుతూ దూరం నుంచి చూసింది. సదానందం పెదవుల మీదికి ఎప్పటి నవ్వు రాబోయి ఆగింది. ఆయన బ్రహ్మచారి భుజం పట్టుకుని తన ఎదురుగా నిలబెట్టుకున్నాడు.

"నాకు చెవులు వినవడయి బ్రహ్మం. ఎనిమిదేండ్లాయె. జర నా ముఖం చూసి అడుగు."

బ్రహ్మచారి చాయ గ్లాసు పక్కన పెట్టి, నోరు బాగా తెరిచి, నిదానంగా మళ్లీ అడిగాడు. సదానందం బేట్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు.