ఒంటి చేతి దండం

బండి మీద పోతూ ఒంటి చేత్తో పెట్టిన దండం దేవుడికి చేరుతుందా, లేదా అన్న అనుమానం మునిచంద్రకు ఏళ్ల తరబడి ఉంది. గుడి ముందు ఆగి, చెప్పులు విడిచి, తీరిగ్గా మొక్కేవాళ్ల సంగతి వేరు. అతనికి ఆగే వీలుండదు. మదనపల్లెలో పట్టుపురుగు పిల్లల్ని పెంచే చాకీ కేంద్రం నుంచి వాటిని రైతుల ఇళ్లకు చేర్చడం అతని బతుకుతెరువు. ఎండెక్కితే పురుగు వాడిపోతుంది. అందుకని దారిలో గుడి కనిపిస్తే వేగం తగ్గించి, కుడిచెయ్యి హ్యాండిల్ మీంచి తీసి, గుండెకూ పెదవులకూ తాకించి సాగిపోతాడు. ఇంట్లో పూజ చేయనిదే మంచినీళ్లు ముట్టని మనిషి, దారిలో మాత్రం దేవుణ్ణి ఇట్లా పలకరించి పోతున్నానే అని లోలోపల నొచ్చుకునేవాడు.

ఆ రోజు పుంగనూరు ఇంకా రానేలేదు, బండి దగ్గింది. ముక్కు పట్టుకుని వదిలినట్టు ఇంజను ఒక్కసారి ఊపిరి బిగబట్టి మళ్లీ అందుకుంది. మీటరులో నారింజ రంగు దీపం మిణుక్కుమని ఆరిపోయింది. మరికొంత దూరం పోయాక మళ్లీ అదే. ఊరి మొదట్లో పూర్తిగా ఆగిపోయింది. స్టార్టు చేస్తే వెంటనే అందుకుంది, ఏమీ ఎరగనట్టు.

వెనక కట్టిన పెట్టెల్లో రెండో జ్వరం దాటిన పురుగులున్నాయి. పురుగు మేత మానేసి పొర వదలడాన్ని ఇక్కడ జ్వరం అంటారు. జ్వరం నుంచి లేచిన పురుగుకు ఆకలెక్కువ. ఇవి రామకుప్పం పక్కన మునిలక్ష్మమ్మ అనే విధవరాలికి చేరాలి. కిందటిసారి ఆమెకు తెచ్చిన పురుగు ఈ బండి మొరాయింపు వల్లే నడిరోడ్డు ఎండలో చచ్చిపోయింది. ఆ తర్వాత అడవి నుంచి ఏనుగులు దిగి ఆమె రాగిచేను తొక్కేశాయి. మిగిలింది మల్బరీ తోట ఒక్కటే. చాకీ కేంద్రం యజమాని అరుణ్ కుమార్ పొద్దున పెట్టెలు అప్పగిస్తూ, "ఇది గూడా పోతే ఇంక ఇటు రావద్దు మునిచంద్రా. ఆయమ్మకు మొకం నేను సూపించలేను," అన్నాడు.

పుంగనూరులో మెకానిక్కు గురప్ప షెడ్డు ముందు బండి ఆపాడు.

"మళ్లా వస్తివా? కూతుర్ని కట్టుకున్న అల్లుడు గూడా ఇన్నిసార్లు రాడు గదప్పా!" అన్నాడు గురప్ప, నోట్లో బీడీ తీయకుండానే.

"ఎకసెక్కాలు తర్వాత. ముందు బీడీ ఆర్పు, పురుగుకు పొగ పడదు."

గురప్ప బీడీ నలిపేశాడు. పెట్టెలు దించి నీడన పెట్టి, తడిగోనె కప్పారు. ఇంజను స్టార్టు చేసి స్టాండు మీద ఉంచితే గంట కొట్టినట్టు ఆడింది.

"ప్లగ్గు మార్చినా. పెట్రోలు పంపు విప్పి కడిగినా. ఇంజెక్టరు శుభ్రం చేయించినా. షోరూములో కంప్యూటరు తగిలించినా అదేం సూపలేదంటివి. ఈడుంటే పాట పాడతాది, నువ్వెక్కితే దగ్గుతాది. యాడ దగ్గుతాదో చెప్పప్పా, ఆడ పట్టుకుంటా."

"దానికో లెక్కుంటే గదా," అన్నాడు మునిచంద్ర చూపు తప్పించి.

లెక్క ఉంది. అది అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

గురప్ప వైర్లు కదిపాడు, బ్యాటరీ బిగించాడు, పెట్రోలు గొట్టం చూశాడు. ఎండ రోడ్డు దాటి షెడ్డులోకి వచ్చింది. మునిచంద్ర గోనె ఎత్తి పెట్టె మూత తీశాడు. పురుగులు తలలెత్తి గాలిలో ఆకు కోసం వెతుకుతున్నాయి. మూలనున్నవి కొన్ని తలలెత్తడం లేదు. ఒకటి రెండు వ్యాన్ల వాళ్లకు ఫోను చేశాడు. టమోటా కాలం, అందరూ మార్కెట్టు యార్డులోనే ఉన్నారు. కుప్పం పోయే బస్సు ఒకటి వచ్చింది. దాని కండక్టరు పెట్టెల్ని చూసి, వాసనకు జనం తిడతారని తల అడ్డంగా ఊపాడు.

ఫోను మోగింది. మునిలక్ష్మమ్మ.

"యాడుండావు నాయనా? ఆకు కోసి పెట్టినా. తడిగుడ్డ కప్పినా గూడా వాడిపోతాండాది."

"వస్తాండానమ్మా."

"వస్తావు గదా?"

ఆ అడగడంలో కోపం ఉంటే బాగుండేది. లేదు. మునిచంద్ర ఫోను జేబులో పెట్టుకుని గోనె మీద మళ్లీ నీళ్లు చల్లాడు. తన పాపానికి ఆ తల్లి ఎందుకు మాడాలి?

"గురప్పా, ఒక మాట. నవ్వగాకు."

"చెప్పు."

"గుళ్ల కాడ దగ్గుతాది."

గురప్ప చేతిలోని స్పానరు ఆగింది.

"యా గుడి?"

"యా గుడైనా. అమ్మకు బాకీ పడినానప్పా. బండి తెచ్చిన దినం బోయకొండ గంగమ్మకు మొక్కుకుంటిమి. పని నిలబడితే ముడుపు తెచ్చి ఇస్తామని. పని నిలబడె. నేను పోలేదు. వచ్చే వారం, వచ్చే వారమని ఇన్నేళ్లాయె. అందుకే గుడి కనపడితే సాలు, తల్లి నా గొంతు పట్టుకుంటాది."

గురప్ప నవ్వలేదు. "అమ్మ సంగతి నువ్వూ అమ్మా తేల్చుకోండి. గుడి కాడ నువ్వేం చేస్తావు?"

"దండం పెట్టుకుంటా."

"యెట్ల? ఎక్కి సూపించు."

మునిచంద్ర సిగ్గుపడుతూనే, స్టాండు మీద ఇంజను ఆడుతున్న బండి ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా గుడి ఉన్నట్టు కుడిచెయ్యి తీసి గుండెకు తాకించాడు. ఎడమచెయ్యి ఒక్కటే మిగిలేసరికి అది హ్యాండిల్‌ను తన వైపు లాక్కుంది. ఇంజను దగ్గింది. దీపం మిణుకుమంది.

"కదలగాకు!" అని అరిచాడు గురప్ప. తానే హ్యాండిల్ పట్టుకుని కుడికి తిప్పాడు, ఏమీ లేదు. మెల్లగా ఎడమకు తిప్పాడు. మళ్లీ దగ్గు. "నా బుద్ధికి బూజు పట్టింది. దినామూ హ్యాండిల్ నేరుగా పెట్టి సూస్తా ఉంటి!"

హెడ్‌లైటు విప్పి సెల్‌ఫోను వెలుతురు లోపలికి కొట్టాడు. బండి మెడ దగ్గర, ఇంజనుకు కరెంటు పోయే వైర్ల కట్ట చుట్టూ పసుపుదారం బిగిసి ఉంది. పైన ఏటేటా ఆయుధపూజకు చుట్టిన దారాలు. అన్నిటి కిందా నల్లగా జిడ్డు పట్టిన చిన్న గుడ్డమూట. ఇంట్లో పెడితే మరిచిపోతామని, నాణెం మూటగట్టి భార్య యమున బండికే కట్టించిన ముడుపు అది. జారిపడకుండా బిగించి కట్టింది మాత్రం మునిచంద్రే.

గురప్ప దారం కోసి మూటను అతని చేతిలో పెట్టాడు. ఒక వైరును వేళ్ల మధ్య నలిపి చూశాడు. పైతొడుగు చెక్కుచెదరలేదు. దారం బిగువుకు లోపలి తీగ తెగి, పోగులు ఒకదానికొకటి ఆనీ ఆనకుండా ఉన్నాయి. హ్యాండిల్ ఎడమకు తిరిగినప్పుడల్లా అవి విడిపోతున్నాయి.

"అమ్మే గుర్తు చేసిందంటావా?" అన్నాడు మునిచంద్ర, మూటను చూస్తూ.

"నాకేం తెలుసప్పా? ఈసారి మొక్కుకుంటే వైరుకు కట్టగాకు, అంతే."

గురప్ప తెగిన చోట అతికి, టేపు చుట్టి, పెట్టెలు ఎక్కించి కట్టాడు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం పొమ్మన్నాడు.

పలమనేరు దాటాడు. వి.కోట దాటాడు. మొదటి గుడి దగ్గర చెయ్యి తీయడానికి భయపడ్డాడు. రెండోదాని దగ్గర తీశాడు. బండి సాఫీగా పోయింది. ఎండ అప్పటికే నడినెత్తికి వచ్చేసింది.

మునిలక్ష్మమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. పెట్టె అందుకుని లోపలికి నడిచింది. మూలనున్న పురుగుల్ని వేలితో కదిలించి చూసింది. కొన్ని పోయాయి. వాటిని ఏరి పక్కన పెట్టింది. మిగిలినవాటి మీద ఆకు తరిగి చల్లి, చెవి ఒగ్గి నిలబడింది. కాసేపటికి ఆకుల కింద సన్నగా చిరుజల్లు చప్పుడు మొదలైంది.

"తింటాండాయి," అంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "నీళ్లు తాగి పోప్పా."

తిరుగు దారిలో మునిచంద్ర ఇంటికి పోలేదు. పుంగనూరు దాటి బోయకొండ తోవ పట్టాడు. వరుసలో నిలబడి హుండీ దగ్గరికి వచ్చాక మూటను చూసుకుంటే అదంతా జిడ్డు. ఇట్లాంటిది అమ్మకు వేయొచ్చా, నాణెం తీసి కడిగి వేయాలా అని తటపటాయించాడు.

"యాల నిలబడిపోతివి? వెయ్యప్పా, వెనక జనముండారు," అంది వెనకున్న ముసలామె.

మునిచంద్ర ముడి విప్పకుండానే మూటను హుండీలో జారవిడిచాడు.