సుంకరి బల్ల

ఆ చర్చిలో ఏ వస్తువుకు ఏమి అర్థమో తెలుసుకోవాలంటే అందరూ టీచరమ్మనే అడిగేవారు. ఆమె బడిలో పాఠాలు మానేసి ఎనిమిదేళ్ళయినా గుడిలో పాఠాలు మానలేదు. కొత్తగా పెళ్ళయిన జంటలు, సెలవుల్లో వచ్చిన చుట్టాలు, జ్ఞానోపదేశానికి వచ్చే పిల్లలు, ఎవరు వచ్చినా గుమ్మం దగ్గర నిలబెట్టి మొదలుపెట్టేది.

"జ్ఞానస్నానపు తొట్టి వాకిట్లోనే ఎందుకుందో చెప్పండి చూద్దాం? లోపలికి రావడానికి నీళ్ళలోంచి తప్ప మరో దారి లేదు కనక. తల పైకెత్తండి. ఆ దూలాలు చూశారా, తిరగేసిన పడవ అడుగులా లేదూ? మనమంతా ఒకే పడవలో ఉన్నామని దాని అర్థం. ఇందులో మొదటి తరగతి, రెండో తరగతి అంటూ ఉండవు."

దివ్యప్రసాదం ఉంచే మందసం పక్కన వెలిగే ఎర్రదీపం, ఇంటి యజమాని ఇంట్లోనే ఉన్నాడనడానికి గుర్తు. నడుమనున్న పీఠం బలిపీఠమూ అవును, ప్రభువు భోజనం పెట్టే బల్లా అవును. వాక్యం చదివే పీఠం దగ్గరికి వచ్చేసరికి ఆమె గొంతు కాస్త గంభీరమయ్యేది. "ఇక్కడ నిలబడినవాళ్ళ నోరు వాళ్ళది కాదు. సొంత మాటలు, సోకు మాటలు ఇక్కడ పనికిరావు."

అన్నీ అయ్యాక, తిరిగి గుమ్మం దాకా నడిపించుకు వచ్చి, లావాటి స్తంభం వెనక ఒంటరిగా ఉన్న పొట్టి బల్ల చూపించేది. "ఇది సుంకరి బల్ల. సువార్తలో పన్నులు వసూలుచేసే సుంకరి, నేను పాపినంటూ దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్నాడే, అతనికి గుర్తుగా వేసింది. ఈ గుడి మొత్తానికి ఎక్కువ దీవెన ఉన్న చోటు ఇదే."

వచ్చినవాళ్ళు ఆ బల్లను భక్తిగా తాకి వెళ్ళేవారు. దాని మీద ఆదివారం ఆదివారం కూర్చునేది మాత్రం ఒక్క మనిషే. గుడి ఊడ్చి, తుడిచి, గంట కొట్టే ఆవిడ. ఆమెను అందరూ గంటక్క అంటారు.

కొత్తగా వచ్చిన ఫాదర్ చిన్న వయసువాడు, పద్ధతి గల మనిషి. ఒక్కొక్క వస్తువు దగ్గరా దాని అర్థం రాసిన చెక్క పలక పెట్టించాలని ఆయనకు ముచ్చట పుట్టింది. పన్నెండు వస్తువులకు నాలుగేసి పంక్తులు టీచరమ్మ చేతే రాయించాడు. వారం తిరగకుండా ఆ కాగితాలు పట్టుకుని ఆమె ఇంటికి వచ్చాడు.

"టీచరమ్మగారూ, పదకొండింటికి పుస్తకాల్లో ఆధారాలు దొరికాయి. ఈ సుంకరి బల్లకే ఎక్కడా దొరకలేదు. మీరెక్కడ చదివారు?"

ఆమె ఒక్క క్షణం నీళ్ళు నమిలింది. "చదవలేదు ఫాదర్. కాన్వెంటులో మా సిస్టర్లు చెప్పారు."

"అయితే సరే. నిజానికి ఆ బల్ల తీయించేసి, చక్రాల కుర్చీల్లో వచ్చేవాళ్ళకు అక్కడ చోటు చేద్దామనుకున్నాను. అంత పాత ఆచారమైతే ఉండనిద్దాం. పలక కూడా చేయిస్తాను. ఆదివారం పూజ అయ్యాక మీరే వాక్యపీఠం దగ్గర నిలబడి అన్నిటినీ అందరికీ వివరించాలి."

ఆయన వెళ్ళిపోయాక టీచరమ్మ గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. ఆమెకు చదువు చెప్పిన సిస్టర్లలో ఒక్కరూ బతికిలేరు. చచ్చిపోయినవాళ్ళ మీదికి అబద్ధం నెట్టి చేతులు దులుపుకున్నందుకు తన మీద తనకే చీదర పుట్టింది. తప్పు చేసిన పిల్లలను నిలబెట్టి నిజం కక్కించిన నోరది. ఇంత సునాయాసంగా ఆడేసింది!

ఆ బల్లకు అర్థం పుట్టి ఇరవై రెండేళ్ళయింది.

అంతకు ముందు గంటక్క రెండో వరసలో, నడవ పక్కన, కొసన కూర్చునేది. తెల్లవారకముందే వచ్చి నేలంతా ఫినాయిలుతో తుడిచి, గంట కొట్టి, చేతులు కడుక్కుని వచ్చి అక్కడ కూలబడేది. ఆ వరసలోనే డాక్టరుగారి భార్య కూర్చునేది. ఒక ఆదివారం ఆవిడ టీచరమ్మను పక్కకు పిలిచి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "పూజకొచ్చామో ఆసుపత్రికొచ్చామో తెలియడం లేదండీ. ఆ మనిషిని కాస్త ఎక్కడైనా సర్దండి. మీరు చెబితే వింటుంది," అంది. డాక్టరుగారి భార్యకు ఫినాయిలు వాసన పడదట! ఆ మాటకు నవ్వు రావలసింది. టీచరమ్మకు రాలేదు. ఆవిడ మహిళా సంఘానికి అధ్యక్షురాలు, తాను కార్యదర్శి.

పొమ్మనడానికి టీచరమ్మకు నోరు రాలేదు. అలా రాకపోవడాన్ని ఆమె అప్పట్లో తన మంచితనం అనుకుంది. మరుసటి ఆదివారం పూజకు ముందు, నలుగురూ వింటుండగా, గంటక్క చెయ్యి పట్టుకుని స్తంభం వెనకకు తీసుకువెళ్ళింది. చీపుర్లూ బకెట్లూ పెట్టుకోవడానికి వేసిన పాత బల్ల అది. "ఇది సుంకరి బల్ల. దీని మీద కూర్చోవడానికి అందరూ తగరు. నువ్వు తగుదువు," అంది. గంటక్క కళ్ళు తళతళలాడాయి. వంగి ఆ బల్లకు ముద్దు పెట్టుకుంది.

ఆ ముద్దు టీచరమ్మను ఇన్నేళ్ళుగా వదలలేదు. దాన్ని కప్పిపుచ్చడానికే కావచ్చు, వచ్చినవాళ్ళందరికీ ఆ బల్ల చూపించడం మొదలుపెట్టింది. చెప్పగా చెప్పగా అబద్ధానికి నునుపు వచ్చింది. తరవాత కొన్నేళ్ళు అది అబద్ధమన్న సంగతే గుర్తురాలేదు.

శుక్రవారం పొద్దున గంటక్క టీచరమ్మ ఇంటికి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కడానికే చాలాసేపు పట్టింది. వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"బల్ల తీసేస్తారంట గదా టీచరమ్మా? గుడి తాళాలు ఇచ్చే తాతగారు అన్నారు. మీరొక మాట చెప్పండి ఫాదర్‌కి. కుర్రాడు పాపం, ఆయనకేం తెలుసు దాని అర్థం?"

"తీయరులే. ఉండనిస్తామన్నారు."

"హమ్మయ్య! గుండె జారిపోయిందనుకోండి. మా ఆయన పోయినప్పుడు అందరూ ఎవరింటికి వాళ్ళు పోతే, ఆ బల్ల మీదే గదా మూడు పూటలు కూర్చున్నాను. అక్కడి నుంచి పీఠం కనబడదు, ఫాదర్ మాట వినబడదు. ఈ మధ్య చెవులు మరీ మందగించాయి. అయినా నాకు కష్టం అనిపించదు. నన్ను ఏరి కోరి కూర్చోబెట్టిన చోటు గదా అనుకుంటా. మా కోడలు ముందుకొచ్చి కూర్చో అత్తా అంటే, ఓసి పిచ్చిదానా, నీకు తెలీదు పో, అంటా."

నవ్వింది. టీచరమ్మ గిన్నె కడుగుతూ కుళాయి కట్టేసింది. ఇక కట్టేయడానికి మరేమీ మిగలలేదు.

"గంటక్కా, ఆ బల్లకు అర్థం లేదు."

"ఆఁ?"

"ఏ అర్థమూ లేదు. నేనే కల్పించాను. నిన్ను రెండో వరసలోంచి లేపడానికి. ఫినాయిలు వాసన వస్తోందని... అన్నారు."

గంటక్క తన కుడి అరచేతిని ముక్కు దాకా తెచ్చుకుని, అది చూసుకుని, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. గొంతు పెంచకుండానే అడిగింది.

"ఆ ఫినాయిలు కొనిచ్చింది మీరే గదా టీచరమ్మా."

"అవును."

"నేల తళతళలాడితే అందరూ నడిచారు. వాసన ఒక్కటే నాకు అంటగట్టారు."

"నన్ను క్షమించు."

"ఆగండాగండి. అంత తొందరేంటి?" గంటక్క గోడ పట్టుకుని లేచింది. "ఆ రోజు నన్ను అందరి ముందూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. ఈ రోజు వంటింట్లో చెబుతున్నారు."

మెట్లు దిగుతున్న చప్పుడు ఒక్కొక్కటిగా వినబడింది. సాయం పట్టడానికి వెళ్ళాలని ఉన్నా టీచరమ్మకు ముఖం చెల్లలేదు.

ఆదివారం అందరికంటే ముందుగా వెళ్ళి ఆమె ఆ పొట్టి బల్ల మీద కూర్చుంది. రెండు రాత్రులు ఆలోచించి ఇది తగిన శిక్ష అనుకుంది. కూర్చున్నాక గానీ తెలియలేదు, అక్కడి నుంచి స్తంభం తప్ప మరేదీ కనబడదని. మెడ ఎంత సాచినా ఎర్రదీపం లేదు, బలిపీఠం లేదు. ముందు వరసలవాళ్ళ వీపులూ, అవతలి గోడ ముక్కా మాత్రం కనిపించాయి. పక్క గోడకు కొత్త పలక మేకు కొట్టి ఉంది. దాని మీద తన వాక్యాలే అందమైన అక్షరాల్లో ఉన్నాయి.

గంట కొట్టి గంటక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"లేవండి."

"ఇకనుంచి నేనిక్కడ కూర్చుంటాను. నువ్వు వెళ్ళి ముందు కూర్చో."

"బాగుంది వరస! ఇరవై రెండేళ్ళు వినయం నా చేత చేయించి, ఇప్పుడు ఆ పేరు కూడా మీరే కొట్టేస్తారా? చూసినవాళ్ళు, అబ్బ, టీచరమ్మ ఎంత తగ్గించుకుందో అంటారు. లేవండి, ఇది నా చోటు."

టీచరమ్మకు తల తీసేసినట్లయింది. లేచి, ఎప్పుడూ కూర్చునే మూడో వరసకు నడిచింది. శిక్షలో కూడా తాను మెప్పు వెతుక్కుందని ఆ మనిషి ఒక్క చూపులో కనిపెట్టేసింది.

పూజ ముగిసింది. ఫాదర్ పిలిచాడు. వాక్యపీఠం దాకా పట్టుమని పది అడుగులు కూడా లేవు. ఆమె తాను రాసిన కాగితాలు పట్టుకుని వెళ్ళింది. పీఠం చెక్కను రెండు చేతులా పట్టుకుంది. ఇక్కడ నిలబడినవాళ్ళ నోరు వాళ్ళది కాదని ఎంతమందికి చెప్పిందో లెక్క లేదు. ఆ మాట ఇప్పుడు తనకే ఎదురు వచ్చి నిలబడింది.

కాగితాలు మడిచేసింది.

"పదకొండు పలకలు చదివితే మీకే తెలుస్తుంది. పన్నెండోది అబద్ధం. చివరి బల్లకు..." తల వంచుకుని పీఠం చెక్కకే చెప్పింది. "చివరి బల్లకు అర్థం లేదు. దాని సంగతి సిస్టర్లు చెప్పలేదు. ఫాదర్‌తో కూడా అబద్ధమాడాను. ఆ అర్థం నేను..."

"వినబడటం లేదు!"

గంటక్క కేక అది. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ఆమె స్తంభం వెనక నుంచి బయటికి వచ్చి నడవలో నిలబడింది.

"గట్టిగా చెప్పండి టీచరమ్మా! ఇక్కడికి ఏదీ వినబడదని శుక్రవారమే చెప్పాను గదా."

ఎవరో కిసుక్కుమన్నారు. గంటక్క నడిచింది. వరస వరసకూ ఒక చెయ్యి ఆనించుకుంటూ, కుంటుతూ, తొందర లేకుండా వచ్చింది. రెండో వరస దగ్గర ఆగింది. అక్కడ డాక్టరుగారి భార్య, ఇప్పుడు తల నెరిసి, చేతికర్రతో కూర్చుని ఉంది. ఆవిడ చేతిసంచీ ఒళ్ళోకి తీసుకుని లోపలికి జరిగింది. గంటక్క నడవ పక్కన, కొసన కూర్చుంది.

"ఆఁ, ఇప్పుడు చెప్పండి."

ఇంత దగ్గర నుంచి చూస్తుంటే దాక్కోవడానికి స్తంభం లేదు. టీచరమ్మ గొంతు పెంచింది.

"ఇరవై రెండేళ్ళ కిందట ఒకరు నాతో అన్నారు, ఈవిడ దగ్గర ఫినాయిలు వాసన..." అని ఆగిపోయింది. డాక్టరుగారి భార్య తల దించుకుంది. ఆ దించుకున్న తల చూడగానే తాను ఇంకా ఎవరి వెనకో నక్కుతున్నానని టీచరమ్మకు అర్థమైంది. గంటక్క రెప్ప వేయకుండా చూస్తోంది.

"కాదు. ఎవరో అన్నారని కాదు. ఆ వాసన నాకూ పడలేదు. అన్నవాళ్ళు నా మనసులో మాటే అన్నారు. పొమ్మంటే నాకు చెడ్డపేరు వస్తుంది గనక, పొమ్మనకుండా దేవుడి పేరు చెప్పి పంపించాను. అది బకెట్ల బల్ల. అంతకు మించి దానికి ఏ అర్థమూ లేదు. దాని మీద ఈవిడను కూర్చోబెట్టింది దేవుడు కాదు, నేను."

ఫాదర్ ఆమె వైపు కాకుండా పలకల వైపు చూస్తున్నాడు. దిగిపోవచ్చునేమోనని టీచరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

గంటక్క చెయ్యెత్తింది.

"మొదట్లో చెప్పింది వెనకవాళ్ళకు వినబడి ఉండదు. మళ్ళీ చెప్పండి."

టీచరమ్మ తిరిగి పీఠం చెక్క పట్టుకుంది. "పన్నెండో పలక అబద్ధం," అని మొదటి నుంచి, ఈసారి గుమ్మం దాకా వినబడేలా, చెప్పడం మొదలుపెట్టింది.