మూడు నిమిషాల్లో అన్నీ పచ్చ టిక్కులే

మా మేనకోడలికి అనుమానం ఎక్కువ. గోడ గడియారం టైం చెబితే పక్కగది గడియారాన్ని సాక్ష్యానికి పిలిచే రకం. ఆ గుణమే దానికి ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు ఇచ్చే వెబ్ పేజీని దాని ప్రోగ్రాం తనంతట తానే తెరిచి, బటన్లన్నీ నొక్కి చూస్తుంది. పనిచేస్తే పచ్చ టిక్కు, లేకపోతే ఎర్రగుర్తు. తెరమీద ఆ బాణం గుర్తు పరుగు చూసి ఓసారి ఈగ కళ్లు తిరిగి పడిపోయింది. వాళ్ల ఆఫీసు ఊడ్చేది నేనే కాబట్టి, ఎత్తిపోసిందీ నేనే.

ఆ రోజు నాలుగింటికి పేజీ జనంలోకి వెళ్లాలి. అంతా సవ్యంగా ఉందని మా పిల్ల సంతకం పెట్టాలి. తేడా వచ్చిందా, ఇంకా పర్మినెంటు కాని దాని ఉద్యోగం ఊడుతుంది.

తెరనిండా పచ్చ టిక్కులే. పిల్ల మొహం మాత్రం మాడిపోయింది.

"మామయ్యా, రోజూ పన్నెండు నిమిషాలు పట్టేది మూడు నిమిషాల్లో అయిపోయింది."

"మంచిదేగా! దానికి ఒంట్లో ఓపిక పెరిగిందేమో."

"నీకన్నీ వేళాకోళాలే. ఎవరో చెయ్యి పెట్టారు."

పక్క సీటు కుర్రాడు, నేను తొందరబాబు అని పిలిచేవాడు, పొద్దున్నుంచి నీళ్ల సీసా మూత మూడుసార్లు తీసి పెట్టాడు. ఒక్క గుక్కా తాగలేదు. నాకూ తేడా కొట్టింది.

"ఏం తమ్ముడూ, నా ప్రోగ్రాం ముట్టుకున్నావా?" అంది పిల్ల అతనితో.

"లేదక్కా... కొంచెం తాకానంతే. బటన్లు ఆలస్యంగా వస్తున్నాయి. ఆలోపే లేవని ఎర్రగుర్తు పడుతోంది. మేనేజరు నా పీక పట్టుకుంటున్నాడు. అందుకే, కనపడనిదాన్ని వదిలేసి, పచ్చ టిక్కు పెట్టి ముందుకెళ్లమని రాశా."

"అంటే ఏదీ నొక్కకుండానే అన్నీ బాగున్నాయందా! ఎంత బుద్ధిమంతుడివిరా!"

పిల్ల ఆ మాట చెరిపేసింది. ప్రతి బటన్ కోసం పది సెకన్లు ఆగు, అప్పటికీ రాకపోతే తెర ఫొటో తీసి అక్కడే ఆగిపో అని రాసింది. మళ్లీ నడిపింది. ఆలస్యమైనా ఒక్కొక్కటే వచ్చాయి. చివరికి అపాయింట్‌మెంట్ రద్దు చేసే బటన్ దగ్గర పది సెకన్లూ గడిచి ఎర్రగుర్తు పడింది. ఫొటోలో ఆ చోటు ఖాళీ.

మేనేజరు ఉరికొచ్చాడు. "ఐదు నిమిషాలే ఉందమ్మా. ఆ ఒక్కటీ వదిలేసి సంతకం పెట్టెయ్."

పిల్ల లేచి తన కుర్చీ అతనివైపు జరిపింది. "మీరే ఒక అపాయింట్‌మెంట్ రద్దు చేసి చూపించండి సార్, పెడతా."

ఆయన కూర్చుని పేజీని పైకీ కిందికీ లాగాడు. కళ్లజోడు పెట్టుకుని లాగాడు, తీసి లాగాడు. తెర అరుగుతుందేమోనని నాకు భయం వేసింది.

"సరే, పేజీ ఇవాళ వదలొద్దులే," అన్నాడు గొణుగుతూ.

"ఆ మాటే మెయిల్లో పంపండి సార్," అంది మా పిల్ల. ఆ మెయిల్ తెరమీద పడేదాకా ఆయన కుర్చీ వెనక నుంచి కదల్లేదు.