తుండుగుడ్డ కింద లెక్క

మా ఆయన మాదప్పన్‌కు సిగ్గు లేదు. పెళ్ళయిన కొత్తలోనే కనిపెట్టిన సంగతి ఇది. ఇప్పుడు మళ్ళీ చెప్పడం ఎందుకంటే, ముసలితనంలో ఆ గుణాన్ని నాలుగేళ్ళ మనవడికి కూడా అంటించాడు.

ఆయన మా తమిళనాడు మారండహళ్ళి పశువుల సంతలో దళారి. మోకాళ్ళు పట్టేసి సంతకు పోవడం మానుకున్నాడు. ఆయన మానుకున్నాడు గానీ సంత మానుకోలేదు, నేరుగా మా ఇంటి నడవలోకి వచ్చి కూర్చుంది. గులకరాళ్ళు ఎద్దులు, చింతగింజలు ఆవులు, నా వంటింట్లోంచి మాయమైన రొట్టెల పెనం లారీ. తాత అమ్మేవాడు, మా యువనేశ్ కొనేవాడు. ఇద్దరి మధ్యా ఒక తుండుగుడ్డ.

సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపి, పైన తుండుగుడ్డ కప్పుకుంటారు. లోపల ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. అయిదు దాటితే చెయ్యి వదిలి మళ్ళీ పట్టుకోవాలి. చుట్టూ ఊరంతా నిలబడి చూసినా ఒక్కడికీ ఏమీ తెలియదు. మా ఆయన యువనేశ్‌కు నేర్పిన మొదటి పాఠం కూడా అదే. లెక్క ఎదుటివాడి చేతికి తెలియాలి తప్ప గాలికి కూడా తెలియకూడదు, నోరు జారితే బేరం చెడుతుంది. వాడు పాలు తాగనంటాడు, స్నానం చెయ్యనంటాడు, ఈ ఒక్క మాట మాత్రం వేదవాక్కులా పట్టుకున్నాడు.

ఇంతవరకూ నాకు ఏ గొడవా లేదు. గొడవంతా మా కోడలు హేమప్రియ ఎల్‌కేజీ మాట ఎత్తినప్పుడు మొదలయింది.

మా అబ్బాయికి హోసూరులో కంపెనీ పని. శనివారం బస్సులో వస్తాడు, సోమవారం పొద్దున్నే పోతాడు. హేమప్రియ పుట్టిల్లూ హోసూరే. పాలక్కోడులో ఒక స్కూలు ఉంది, వ్యాను మా వీధి మలుపుదాకా వస్తుంది. ఆ స్కూల్లో సీటు దొరికితే పిల్లవాడు ఇక్కడే ఉంటాడు. దొరకకపోతే జూన్‌లో తల్లీబిడ్డలిద్దరూ హోసూరుకు మకాం మారుస్తారు. ఈ సంగతి హేమప్రియ కోపంగా చెప్పి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఊరుకునేదాన్ని. తను నెమ్మదిగా చెప్పింది. చిన్నప్పుడు తను బడిలో చేరేనాటికి ఏమీ రాదట, ఏడాదంతా చివరి వరుసలో కూర్చోబెట్టారట. తన కొడుక్కు ఆ గతి పట్టకూడదంది. దానికి నేనేమనేది? పిల్లవాడు లేని నడవ ఒక్కసారి కళ్ళ ముందు మెదిలింది.

హేమప్రియ బొమ్మల అట్టలు కొనుక్కొచ్చి రోజూ పాఠం పెట్టేది. బాతుల బొమ్మ చూపించి ఎన్ని అని అడిగేది. వాడు ఆమె వంక అనుమానంగా చూసి, మెల్లగా ఆమె చెయ్యి పట్టుకోబోయేవాడు. ఆమె చెయ్యి విదిలించుకుని నోటితో చెప్పమనేది. వాడు పెదాలు బిగించేవాడు. కొడుక్కు ఒకటీ రెండూ కూడా రావని తను నిశ్చయించుకుంది. రాత్రిళ్ళు ఫోన్‌లో మొగుడితో అదే చెప్పి ఏడ్చేది.

అందుకని నేను రంగంలోకి దిగాను. సీటు వచ్చేదాకా ఇంట్లో సంత బంద్ అని చెప్పి, రాళ్ళూ గింజలూ ఊడ్చి పెరట్లో పోసి, తుండుగుడ్డలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాతామనవలు నోరెత్తకుండా ఒప్పుకున్నారు. అప్పుడే నాకు అనుమానం రావలసింది. తరవాత చూస్తే ఒకరోజు దిండు గలీబు కింద బేరం, ఇంకోరోజు వాడి చొక్కా కిందే బేరం. ఒక మధ్యాహ్నమైతే ఊరగాయ జాడీకి కట్టిన గుడ్డ విప్పి కప్పుకున్నారు. ఆ కారం చేత్తో వాడు కళ్ళు నలుపుకుని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. నేను ముసలాయన మీదికి లేస్తే, ఆ ఒంగోలు గిత్త మంచి ధరకే పోయింది పో అన్నాడు. సిగ్గు లేదని ఊరికే అన్నానా?

చూపుల రోజు వచ్చింది. స్కూలువాళ్ళు పరీక్ష ఏమీ లేదన్నారు, ఊరికే పిల్లవాణ్ణి ఒకసారి చూస్తామన్నారు. పెళ్ళిచూపులకు కూడా అలాగే చెబుతారు లెండి. మేము నలుగురమూ బయలుదేరాం. మా ఆయన భుజం మీద తుండుగుడ్డ లేకుండా బస్సెక్కడం అదే మొదటిసారి, దారంతా భుజం తడుముకుంటూనే ఉన్నాడు. పెట్టెలో వదిలితే బయలుదేరేలోగా తాళం పగలగొట్టయినా తీస్తాడని ఆయన తుండుగుడ్డ నేనే నా సంచిలో పెట్టుకున్నాను.

టీచరు పేరు తమిళరసి. ధర్మపురి అమ్మాయి, ముఖంలో నవ్వు ఉంది. మమ్మల్ని పిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టింది. మా ఆయన మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఆమె బాతుల బొమ్మ చూపించి తమిళంలో ఎన్ని అని అడిగింది. వాడు పలకలేదు. ఇంగ్లీషులో అడిగింది. పలకలేదు. ఏనుగులు చూపించింది, మామిడిపళ్ళు చూపించింది. వాడు కళ్ళు చిన్నవి చేసి ఆమె చేతినే చూస్తున్నాడు గానీ నోరు మాత్రం విప్పడు. హేమప్రియ ముఖానికి చెమట పట్టింది. టీచరు అట్టలు సర్దుతూ, పిల్లవాడు ఇంకా చిన్నవాడు, వచ్చే ఏడు తీసుకురండి అంది మర్యాదగానే.

హేమప్రియ నా వైపు తిరిగింది. "హోసూరే గతి అత్తా" అంది.

అంతే, నాకు ఏమయిందో తెలియదు. సంచిలోంచి తుండుగుడ్డ లాగి ఆ టీచరు చేతి మీద పడేశాను. ఆమె ఉలిక్కిపడి చూసింది. హేమప్రియ తల పట్టుకుంది. యువనేశ్ ముఖం మాత్రం దీపం పెట్టినట్టు వెలిగింది. వాడు కుర్చీ దగ్గరికి జరుపుకుని, గుడ్డ కిందికి చెయ్యి దూర్చి, టీచరు చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడు అడుగమ్మా" అన్నాడు మా ఆయన. "వాడు చెప్పకుంటే నా మీసం తీసేస్తా."

టీచరు మళ్ళీ బాతుల బొమ్మ చూపించింది. గుడ్డ కింద ఏదో కదిలింది. ఆమె కళ్ళు పెద్దవి చేసింది. ఏనుగులు చూపించింది, మళ్ళీ కదిలింది. ఈసారి రెండు అట్టలూ పక్కపక్కన పెట్టి, అన్నీ కలిపితే ఎన్ని అని అడిగింది. వాడు ఒకసారి పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. టీచరు తన చేతిని గుడ్డ పైనుంచే చూసుకుంది. పరీక్షిద్దామని కావాలనే తప్పు లెక్క తన వేళ్ళతో నొక్కినట్టుంది, వాడు తల అడ్డంగా ఊపి, నువ్వు మోసం చేస్తున్నావు అన్నట్టు చూశాడు. ఆమె పకపకా నవ్వింది.

"వీడికి లెక్క వచ్చా అత్తా?" అంది హేమప్రియ. ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "వచ్చి కూడ నాకు చెప్పలేదా?"

"చెప్పబోయినాడు. నువ్వే చెయ్యి ఇయ్యలేదు" అన్నాడు మా ఆయన.

టీచరుకు ఆట రుచి తెలిసింది. వారానికి ఎన్ని రోజులు బడికి వస్తావని అడిగి, తనే లోపల నొక్కింది. మా ఆయన నా చెవిలో, ఆమె అయిదంటున్నది, మనవాడు రెండుకు దిగినాడు అని చెబుతున్నాడు. గుడ్డ కింద ఉన్నది ఈయనకెలా తెలుస్తుందో ఆ దేవుడికే తెలియాలి. వాళ్ళు నొక్కుకున్నారు, వదిలారు, మళ్ళీ నొక్కుకున్నారు. చివరికి యువనేశ్ అక్కడ కూర్చున్నాక మొదటిసారి నోరు విప్పాడు.

"తాత కూడ" అన్నాడు.

సంతలో పాడి ఆవును అమ్మితే పక్కన దూడ కూడా పోవలసిందే, విడదీసి అమ్మరు. వాడు ఆ పద్ధతే పెట్టాడు. ఈ జంటలో ఆవు ఎవరో దూడ ఎవరో నన్నడగవద్దు. టీచరు కొంచెం ఆలోచించి, శుక్రవారం మధ్యాహ్నాలు పిల్లలకు ఆటల గంట ఉందని, తాత అప్పుడు వచ్చి అందరికీ ఈ సంత ఆడించవచ్చని చెప్పింది. వాడు చెయ్యి గట్టిగా ఊపాడు. బేరం కుదిరింది, సీటు వచ్చింది, హోసూరు తప్పింది.

తిరుగు బస్సులో హేమప్రియ కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని, పైట కొంగు కప్పి, చెయ్యి ఎలా పట్టుకోవాలో వాడి దగ్గరే నేర్చుకుంది. మాటిమాటికీ వేళ్ళు తప్పుగా పట్టుకుని వాడిచేత చీవాట్లు తింది. మా ఆయన శుక్రవారం ఏ పంచె కట్టాలో అప్పుడే ఆలోచనలో పడ్డాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. తుంబలహళ్ళి మలుపు దాటేసరికి నాకు ఒక సంగతి తట్టి ఒళ్ళు మండింది.

తాత కూడ అన్నాడు. మరి అవ్వ?

బిడ్డకు నీళ్ళు పోసిందెవరు? రాత్రి దగ్గొస్తే వీపు రాసిందెవరు? ఆ తుండుగుడ్డ సమయానికి తీసి వేసిందెవరు? ఇల్లు చేరేదాకా ఆపుకున్నాను గానీ, చేరాక ఆపుకోలేకపోయాను. వాణ్ణి నడవలో నిలబెట్టి, బేరంలో నన్నెందుకు కలపలేదని అడిగాను. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

వాడు నన్ను నొప్పించాలని కాదు, ఉన్నమాటే చెప్పాడు.

"నువ్వు ఆడవు గదా అవ్వా."

ఊడ్చిపోసినదాన్ని నేనే, తాళం వేసినదాన్ని నేనే. మా ఆయన ఏదో అనబోతే కళ్ళతోనే నోరు మూయించాను. తరవాత గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాను.

"సరే, ఇప్పుడు ఆడతాను. నేనేమి చెయ్యాల?"

"నువ్వు ఎద్దు" అన్నాడు.

ఈ వయసులో, కోడలి ఎదురుగా, మోచేతులూ మోకాళ్ళూ ఆనించి ఎద్దునయ్యాను. వాడు నా చుట్టూ తిరిగాడు, వీపు మీద చరిచాడు, నడిచి చూపించమన్నాడు. చూపించాను. సంతలో ఎద్దు వయసు పళ్ళు చూసి చెబుతారు. వాడు నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి, లోపలికి తొంగిచూసి, తాతవైపు తిరిగి పెదవి విరిచాడు.

"పండ్లు ఊడిపోయినాయి తాతా. ముసలిది."

"అయితే తిరిగి తోలేద్దామా?" అన్నాడు మా ఆయన. ఆ గొంతులో ఎంత సంబరమో.

నేను తల తిప్పి వాడి నోటి వంకే చూశాను. ఆటే కదా అని మీరనవచ్చు. ఆ నేల మీద వంగి ఉన్నదాన్ని నేను, మీరు కాదు.

"వద్దు" అన్నాడు యువనేశ్. "మనదే గదా. ఉండనీ. మేత వెయ్యి."

హేమప్రియ నవ్వు ఆపుకోలేక, పళ్ళెంలో బొరుగులు తెచ్చి నా ముందు పెట్టింది. పిడికెడు తీసుకోబోతే వాడు నా చేతి మీద ఒక్కటి వేశాడు. ఎద్దుకు చేతులుండవంట. వంగి నోటితోనే తిన్నాను.