ఇడలీనా పిన్ని ఆరా

డెల్ఫీనా మెదైరోస్ జలాంతర్గాముల పరికరాలు చేసే ఇంజనీరు. పుట్టింది అమెరికాలో, ఫాల్ రివర్‌లోనే అయినా, తల్లి ఫిలొమేనా పట్టుబట్టి పోర్చుగల్ పౌరసత్వం కూడా ఇప్పించింది. ఇప్పుడు డెల్ఫీనాకు రహస్యమైన పని అప్పగించాలంటే ప్రభుత్వం ముందు పుట్టుపూర్వోత్తరాలు తవ్వాలి. ఫారంలో విదేశీ బంధువుల పేర్లు రాయమంటే నలభై ఏడుగురు తేలారు.

విచారణాధికారి ప్రూయిట్ ఇంటికే వచ్చాడు. ఫిలొమేనా తీపిరొట్టె ముందు పెడితే, డ్యూటీలో ఏమీ తినకూడదన్నాడు.

"రొట్టె ముక్క తినడానికే భయపడేవాడు మన నిజాయితీ తేలుస్తాడట!" అని సణుక్కుంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. ఆ వంటింటికి తలుపు లేదు.

"రెండు పౌరసత్వాలు ఉండటం తప్పేం కాదండీ, దాస్తేనే తప్పు," అన్నాడు ప్రూయిట్. "ఆ పాస్‌పోర్టు ఎప్పుడైనా వాడారా?"

"ఒక్కసారి. లిస్బన్ విమానాశ్రయంలో ఆ పాస్‌పోర్టు వాళ్ల లైను చిన్నగా ఉందని."

"మీ బంధువొకాయన మేయరు. అంటే విదేశీ ప్రభుత్వంలో మనిషి."

"సముద్రం మధ్యలో చిన్న పోర్చుగల్ దీవండీ అది. ఆ ఊరు మొత్తానికి మూడొందల మంది, తొమ్మిదొందల ఆవులు."

ఆవుల లెక్క కూడా రాసుకున్నాడు. "మీ ఉద్యోగం గురించి వాళ్లెవరైనా ఆరా తీశారా?"

"ఎప్పుడూ లేదండీ."

"అదేమిటే! ఇడలీనా పిన్ని ప్రతి ఆదివారం అడుగుతుందిగా!" వంటింట్లోంచి కేక.

ప్రూయిట్ నిటారుగా కూర్చున్నాడు. "ఏమని అడుగుతారమ్మా?"

"ఆ ఉద్యోగం ఎప్పుడు మానేసి పెళ్లి చేసుకుంటావని! నమ్మకపోతే ఆవిడనే అడుగు బాబూ," అంటూ ఫిలొమేనా వీడియో కాల్ కలిపి ఫోను చేతిలో పెట్టేసింది.

పిన్ని పాతికేళ్లు ఫాల్ రివర్ బట్టలు కుట్టే మిల్లులో పనిచేసి తిరిగి ఆ దీవికే వెళ్లిన మనిషి. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది.

"మా పిల్లను సతాయిస్తోంది నువ్వేనా? పెళ్లయిందా?"

"అయిందండీ."

"అత్తగారిది ఏ ఊరు?"

"కెనడా..."

"ఆవిడతో మాట్లాడతావా?"

"పుట్టినరోజుకి..."

"ఏడాదికొక్కసారా! సిగ్గులేదూ?"

అయిదు నిమిషాల్లో ప్రూయిట్ మోకాలి ఆపరేషనూ, అన్నతో గొడవా, ఇంటి వాయిదాలూ అన్నీ కక్కేశాడు. చివరికి చెమట తుడుచుకుంటూ, "పిన్నిగారూ, ఇంతకీ మీ అమ్మాయి ఏం పని చేస్తుందో తెలుసా?" అన్నాడు.

"తెలీకేం! చేపల పడవలకి రేడియోలు బాగుచేస్తుంది."

ప్రూయిట్ ఆ మాట రాసుకుని కింద రెండు గీతలు గీశాడు. "నిర్ణయం నాది కాదండీ, రాసి పైకి పంపడమే నా పని," అంటూ లేచాడు.

ఎనిమిది నెలలకి అనుమతి వచ్చింది. పనిచేసే గదిలోకి ఫోన్లు తీసుకెళ్లకూడదట. మొదటిరోజు గంటల తరబడి ఒక్క ఫోను మోతా వినబడకపోయేసరికి డెల్ఫీనాకు ప్రాణం లేచొచ్చింది, మధ్యాహ్నానికి బెంగ కూడా పట్టుకుంది. సాయంత్రం బయటికొచ్చి చూస్తే చుట్టాల నుంచి ముప్పై రెండు మిస్డ్ కాల్స్. కారెక్కి ముందు పిన్నికే ఫోన్ చేసింది.