బంకతో పుట్టిన మొక్క

నేను ఒక దళసరి కాగితాన్ని. ఎండిన మొక్కలను దాచే బీరువాల గదిలో, హెర్బేరియం అంటారు దాన్ని, ఎర్ర అంచు ఫోల్డరులో పడుకుని ఉంటాను. ఎర్ర అంచు అన్ని కాగితాలకూ దక్కదు. ఏ మొక్కను చూపించి ఇది కొత్త జాతి అని లోకానికి చాటారో, దాన్ని మోసే కాగితానికే ఆ మర్యాద. నాకు ఆ మర్యాద తెచ్చిపెట్టిన పెద్దమనిషి పరువు నా ఒంటి మీదే పోయింది. నాకు రవ్వంత బాధ కూడా లేదు.

నా పుట్టుక పాత గుడ్డల్లోంచి. హమాలీల చిరిగిన బనియన్లు, ఆసుపత్రి దుప్పట్లు, ఎవరివో లుంగీలు తొట్టిలో నానబెట్టి, గుజ్జు చేసి, జల్లెడ మీద పరిచి, బరువు కింద నొక్కి ఆరేశారు. తెల్లగా ఉన్నానని గొప్పింటి సరుకనుకుంటారు. లోపల ఉన్నదంతా మూటలు మోసినవాళ్ళ చెమట. అందుకేనేమో, మోసేవాణ్ణి చులకన చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

నేను చేరింది ప్రొఫెసర్ శేషావతారం గారి బల్ల మీదికి. కొత్త మొక్కకు పేరు పెడితే, ఆ పేరు వెనకాల పెట్టినవాడి పేరు కూడా పుస్తకాల్లో నిలుస్తుంది. ఆయనకన్నా చిన్నవాళ్ళు నలుగురు అలా నిలిచిపోయారు. ఈయన పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. ఆ కడుపుమంటతోనే నల్లమల ఎక్కాడు. ఎక్కాడంటే, దారి చూపించి, మొక్కల కట్టలు నెత్తిన పెట్టుకుని, పొదల్లో దూరి కొమ్మలు కోసింది ఉడతల ఈదన్న అనే చెంచు మనిషి. శేషావతారం గొడుగు కింద కూర్చుని నోటుబుక్కు రాశాడు.

ఈదన్న అడిగింది ఒక్కటే. కొత్త మొక్క దొరికితే, దాన్ని అతికించే కాగితం మీది చీటీలో, సేకరించినవారు అన్న చోట తన పేరు రాయాలని. ఆ చీటీ నకలు ఒకటి కావాలని. తాత ముత్తాతలు గడ్డలు తవ్వుకున్న కొండకు పోతుంటే, చెక్‌పోస్టు దగ్గర నువ్వెవరు, నీకిక్కడ ఏం పని అని ఆపుతున్నారట. సర్కారు ముద్ర ఉన్న కాగితంలో పేరుంటే చూపించుకోవచ్చని అతని ఆశ. శేషావతారం సరేనన్నాడు. కట్టలు దించడానికి ఈదన్న హెర్బేరియం దాకా వచ్చేసరికి, అతని పేరు రాసిన చీటీ నా పక్కనే సిద్ధంగా ఉంది కూడా.

బల్ల చుట్టూ ఆరుగురు విద్యార్థులు. శేషావతారం ఆకుల తీగను నా మీద పరిచి బంక పూశాడు. కట్టలో విడిగా పడి ఉన్న పువ్వునొకదాన్ని తీసి, దాని కాడను ఒక ఆకు కింద దూర్చి అతికించాడు. ఇంత విచిత్రమైన పువ్వు, ఇలాంటి ఆకులు ఒకే తీగకు ఉండటం ఇంతవరకూ ఎవరూ చూడలేదని మురిసిపోయాడు. ఎలా చూస్తారు?

"సారూ, ఆ పువ్వు దీంది కాదు," అన్నాడు ఈదన్న.

"ఏమిటీ?"

"రెండు తీగలు సారూ. ఒకే పొదలో పెనేసుకున్నయి. దీనికింకా పూత కాలమే రాలే."

విద్యార్థులు తలలు ఎత్తారు. శేషావతారం కళ్ళజోడు తీసి తుడిచాడు.

"ఎన్నో తరగతి చదివావోయ్?"

"బడికి పోలే సారూ."

"మరి నాకు పాఠం చెబుతున్నావే! మోయడానికి వచ్చావా, చెప్పడానికి వచ్చావా?"

ఆరుగురూ నవ్వారు. నవ్వకపోతే మార్కులు పోతాయి కదా. ఆయన ఆ నవ్వులు ఆగకముందే, ఈదన్న పేరున్న చీటీని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. కొత్త చీటీ రాసి నాకు అతికించాడు. సేకరించినవారు శేషావతారం, గుర్తించినవారు శేషావతారం. ఈదన్న బుట్ట వైపు కాసేపు చూసి, తలగుడ్డ దులుపుకుని వెళ్ళిపోయాడు.

నాకు నోరు లేదు. కానీ తేమ పీల్చే గుణం ఉంది. అదే దాచుకున్నాను.

ఆ బంక మొక్కకు వైస్ ఛాన్సలర్ గారి పేరు తగిలించి అచ్చు వేశారు. శాలువాలు, పూలదండలు. అతిథి ఎవరొచ్చినా నన్ను బయటికి తీసి చూపించేవాడు. పద్నాలుగేళ్ళు ఆ మనిషి వేళ్ళు భరించాను. ఏటా వానలు పడగానే గోడల చెమ్మంతా లాక్కుని, ఆ పువ్వు కాడ అతికించిన చోట మాత్రం ఉబ్బేదాన్ని. ఎండలు రాగానే కుంచించుకునేదాన్ని. ఉబ్బుతూ, కుంచించుకుంటూ బంకను కొరికేశాను. పురుగులు నాలో దూరకుండా కలరా ఉండలు పెట్టారు గానీ, నా పగకు మందు పెట్టలేదు.

శేషావతారం రిటైరయ్యాక నంద్యాల నుంచి షాహీన్ అనే అమ్మాయి ఆ బీరువాల బాధ్యతకు వచ్చింది. నన్ను తెరవగానే కాడ పైకి లేచింది. దాని చివర కొమ్మ నుంచి తెగిన గుర్తు అలాగే ఉంది. ఆమె నవ్వలేదు, ఎగరలేదు. ఆకులోంచి ఒక తునక, పువ్వులోంచి ఒక తునక తీసి పరీక్షకు పంపింది. రెండు మొక్కలని తేలింది. రెండూ ఎప్పుడో పేర్లు పెట్టినవే. కొత్త జాతి లేదు, గాడిదగుడ్డూ లేదు.

షాహీన్ శేషావతారం పాత నోటుబుక్కులో ఈదన్న పేరు చూసి, గూడెం వెతుక్కుంటూ పోయి అతన్ని తీసుకొచ్చింది. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"పెద్దాయనా, ఇవి రెండని మీకప్పుడే తెలుసా?"

"తెల్వక ఏందమ్మా? ఈ ఆకుతీగ గడ్డ ఉడకేసుకుని తింటం. ఆ పువ్వుతీగ గడ్డ తింటే రెండ్రోజులు కక్కుతం. మీ సారు రెండూ ఒకటే అనె. ఆయన్నే తిని చూడమనాల్సింది!"

షాహీన్ పగలబడి నవ్వింది. "గట్టిగా చెప్పాల్సింది కదా."

"చెప్పిన. ఎన్నో తరగతన్నడు."

ఆమె నవ్వు అక్కడితో ఆగింది. కొత్త చీటీ తీసింది. ఈ నమూనాలో రెండు మొక్కలున్నాయని రాసి, కింద "సేకరించినవారు, పొరపాటును మొదట గుర్తించి చెప్పినవారు: ఉడతల ఈదన్న" అని రాసి, ముద్ర కొట్టి, నాకు అతికించింది. ఈదన్న దాన్ని మూడుసార్లు చదివించుకున్నాడు. నకలును మడత పడకుండా గుండ్రంగా చుట్టి తలగుడ్డలో పెట్టుకున్నాడు.

"చెక్‌పోస్టోడు చదవగలడంటవా?" అన్నాడు.

"చదవలేకపోతే నాకు ఫోన్ చేయించండి."

షాహీన్ రాసిన వ్యాసం అచ్చయిన వారానికి శేషావతారం వచ్చాడు. శాలువా లేదు, వెంట ఎవరూ లేరు. మధ్యాహ్నం దాకా భూతద్దం పెట్టి నన్ను గాలించాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, ఆ చీటీ ఉంచుకో. నా పేరు మాత్రం తీసెయ్యి. సేకరించింది నేను కాదని నువ్వే రాశావుగా."

"ఇక్కడ అతికించింది ఎవరూ పీకకూడదు సార్."

"కనీసం పుస్తకాల్లో..."

"అచ్చయిన పేరు పోదు సార్. ఈ మొక్కల గురించి రేపు ఎవరు రాసినా, పొరపాటు పేర్ల వరసలో దీన్నీ వేయాలి. వెనకాల మీ పేరూ వేయాలి."

ఎవరో పిలిస్తే షాహీన్ పక్క గదికి వెళ్ళింది. శేషావతారం అటూ ఇటూ చూసి, నాలుక మీద వేలు తడి చేసుకుని, పాత చీటీలో తన పేరు మీద పెట్టి రుద్దడం మొదలుపెట్టాడు. అలుక్కుపోతుందేమోనని ఆశ. నేను ఆ తడినంతా పీల్చుకున్నాను. సిరా ఇంకా లోతుకు దిగింది.